నోరు తెరిచి నిద్రించవలెను

జిల్లా పెరటికోళ్ల అభివృద్ధి మండలి కార్యాలయంలో మధ్యాహ్నం పూట కళ్లు మూసుకోవడం ఏనాడూ తప్పు కాలేదు. ఆ మాటకొస్తే ఆ అలవాటు అక్కడి సర్వీసు రూల్సు కన్నా పాతది. భోజనాలయ్యాక ఫైళ్లు ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా వాటి మీద మోచేతులు పెట్టి, మోచేతుల మీద తలలు పెట్టి, టీ వచ్చేదాకా సిబ్బంది ప్రజాసేవకు విరామం ఇచ్చేవారు. కోడిపిల్లల కోసం పల్లెల నుంచి వచ్చే రైతులు కూడా పద్ధతి తెలిసినవాళ్లే. బుట్టలు వరండాలో దించుకుని, తామూ గోడకు చేరగిలబడి ఓ కునుకు తీసేవారు.

చిక్కల్లా సీనియర్ అసిస్టెంటు సువార్తమ్మతో వచ్చింది. ఆవిడా కళ్లు మూసుకునేది. కాకపోతే భోజనానికి ముందు మూసుకునేది. తర్వాత తెరుచుకుని పని చేసేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

క్యారేజీ మూత తీసి, చెంగు తల మీదికి లాక్కుని, పెదాలు కదిలీ కదలనట్టు నాలుగు మాటలు అనుకునేది. ఈ పూట అన్నమిచ్చినందుకు స్తోత్రం తండ్రీ, లేనివాళ్లకూ పెట్టు, ఆమెన్. అంతే. అది ఆవిడకు తల్లి మరియమ్మ నేర్పింది. కూలికి వెళ్లి ఏ పూటకాపూట గింజలు తెచ్చుకునే ఇంట్లో కూడా మరియమ్మ ఆ నాలుగు మాటలూ అననిదే పిల్లల్ని కంచం ముట్టుకోనిచ్చేది కాదు. "పెట్టినోడికి దణ్ణవెట్టుకుని తినాలే. ఊరికే పొడుసుకు తినేయి కాకులు" అనేది.

ఆఫీసులో దీన్ని ఎవరూ పట్టించుకున్నది లేదు. ఎదురు కుర్చీలో కూర్చునే సూపరింటెండెంటు నరసింగమూర్తి గారు తన డబ్బా తెరిచి, ఆవిడ కళ్లు తెరిచేదాకా మర్యాదగా ఆగేవారు. "అయిందాండీ? అయితే ఆ గోంగూర పచ్చడి ఇటు తొయ్యండి. నా మోకాళ్ల సంగతి కూడా మీ దేవుడి చెవిన వేశారా లేదా?" అనేవారు. "వేశానండి, మెట్లు తక్కువెక్కమన్నాడు" అనేది సువార్తమ్మ. ఆయన నుదుట నిలువు నామం ఉండేది. ఆ నామానికీ ఈ చెంగుకూ ఇన్నేళ్లలో పేచీ వచ్చిన పాపాన పోలేదు.

ఆ నెలాఖరున నరసింగమూర్తి గారి రిటైర్మెంటు. ఆ కుర్చీ సీనియారిటీ ప్రకారం సువార్తమ్మది. ఆవిడకు ఆ కుర్చీ మీద ఆశ ఉంది, అది దాచుకునే ఆశ కూడా కాదు. చిన్నప్పుడు తల్లి వెంట కోడిపిల్లల కోసం ఇదే వరండాలో ఎండలో పడిగాపులు పడింది. సాయంత్రం దాకా ఎవరూ పలకకపోతే మరియమ్మ కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, "ఆ కుర్సీలో మెలకువగా ఉండే మనిసి ఒకరు కూసుంటే ఎంత బాగుణ్ణే" అంది. సువార్తమ్మ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆ కుర్చీనే చూస్తోంది.

ఇక ఆ ఆఫీసుకు ఒక పుంజు కూడా ఉంది. పేరు ప్రగతి. మండలి ఏళ్ల తరబడి శ్రమించి, బోలెడన్ని సమావేశాలు జరిపి, సొంతంగా పుట్టించిన జాతి. డిప్యూటీ డైరెక్టరు గారి గది కిటికీ పక్కన జాలీ గూట్లో ఉండేది. ఎర్రటి జుట్టు, నిగనిగలాడే తోక, రాజఠీవి. దానికి ఒక్కటే లోపం. కూయదు. ఊళ్లో కోళ్లన్నీ తెల్లారగట్ల గొంతు చించుకుంటుంటే, ప్రగతి ఆఫీసు టైముకు కళ్లు తెరిచి, దాణా తిని, మధ్యాహ్నానికి మళ్లీ మూసుకునేది. ప్రధాన కార్యాలయానికి వెళ్లే నివేదికలో ప్రతిసారీ "కూత లక్షణము పరిశీలనలో ఉన్నది" అని రాసేవారు. గవర్నమెంటు తిండి తిన్న ఒళ్లు, దాన్ననేం లాభం అనుకునేవారు రైతులు.

ఇలా అందరూ సుఖంగా ఉండగా డిప్యూటీ డైరెక్టరు చక్రధరం గారు శిక్షణకు వెళ్లొచ్చారు.

శిక్షణ ఓ చల్లటి కొండ ఊళ్లో జరిగింది. అంశం, 'కార్యాలయాలలో సంపూర్ణ మత తటస్థత'. ఆయన ఒక సంచీ, ఒక బ్యాడ్జీ, అణచుకోలేనంత ఉత్సాహం వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. వచ్చిన రోజే సిబ్బందిని సమావేశపరిచారు.

"విశ్వాసమనునది అంతర్గత వస్తువు" అన్నారు గంభీరంగా. "దానిని కార్యాలయ ఆవరణలో బాహాటముగా ప్రదర్శించుట ఇకపై క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును. ఎవరి దేవుడిని వారు ఇంటి వద్ద దించి రావలెను. మన జిల్లా రాష్ట్రంలోకెల్లా తటస్థమైన జిల్లాగా నిలవాలి. షీల్డు కూడా ఉందిట."

ఆ వెంటనే ఆవరణ తనిఖీ జరిగింది. జీపు ముందు వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ కనపడ్డాయి. అవి వాహన నిర్వహణ కిందకు వస్తాయని తేల్చారు. గేటుకు కట్టిన బూడిద గుమ్మడికాయ భవన సంరక్షణ. శుక్రవారం శుక్రవారం కంప్యూటర్లకు చూపించే అగరొత్తులు దోమల నివారణ. చక్రధరం గారి బల్ల అద్దం కింద బారుగా ఉన్న దేవుళ్ల పటాలు, అద్దం కదలకుండా పెట్టిన ఒత్తు. ఇవన్నీ అనాదిగా వస్తున్న ఆనవాయితీలు గనుక మతం కిందకు రావని ఆయనే తీర్పు చెప్పి, ఆయనే సంతకం పెట్టారు. ఆఫీసు సంపూర్ణంగా తటస్థమైపోయింది.

అక్కడే తంటా వచ్చింది. ప్రధాన కార్యాలయానికి పంపాల్సిన నివేదికలో 'గుర్తించిన అతిక్రమణలు' అని ఒక గడి ఉంది. పక్క జిల్లాల వాళ్లు అప్పుడే బోలెడు గుర్తించి పంపేశారు. ఇక్కడ సున్నా రాస్తే పని చేయలేదని అర్థం. చక్రధరం గారు రెండు రోజులు మథనపడి, మూడోరోజు తన కునుకు కూడా త్యాగం చేసి, అతిక్రమణను వెతుక్కుంటూ భోజనాల గదికి బయలుదేరారు. కిటికీలోంచి చూస్తే సువార్తమ్మ కళ్లు మూసుకుని ఉంది. ముందు అన్నం వేడిగా ఉంది.

వెతకబోయిన తీగ కాలికి తగిలిందని ఆయన పొంగిపోయారు.

సువార్తమ్మను గదిలోకి పిలిపించారు. కిటికీ అవతల గూట్లో ప్రగతి జోగుతోంది.

"అమ్మా, భోజనానికి ముందు మీరు చేసిందేమిటి?"

"చేతులు కడుక్కున్నానండి."

"ఆ తర్వాత?"

"క్యారేజీ తెరిచానండి."

"ఆ తర్వాత? ఆ తర్వాత కళ్లు మూశారు. ఎందుకు మూశారు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే బల్ల మీద తన ప్రమోషన్ ఫైలు కనపడింది. పైన ఎర్ర నాడా. ఆయన చెయ్యి దాని మీద ఉంది.

"కళ్లు మండుతుంటేనండి" అంది సువార్తమ్మ. "కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని."

బయటికొచ్చాక అన్నం సయించలేదు. ఆవిడ ఆదివారం బడిలో పిల్లలకు ఏటా చెప్పే కథ ఒకటుంది. ప్రభువును పట్టుకుపోయిన రాత్రి చలిమంట దగ్గర ఆయన శిష్యుడు పేతురు కూర్చున్నాడు. నువ్వు ఆయన మనిషివే కదా అని అడిగితే, ఆయనెవరో నేనెరగను అన్నాడు. ముమ్మారు అడిగారు, ముమ్మారూ అదే అన్నాడు. అప్పుడు కోడి కూసింది, పేతురు బయటికెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడు. కథ అయ్యాక సువార్తమ్మ పిల్లల్ని అడిగేది, పేతురు బదులు మీరుంటే ఏమనేవారర్రా అని. పిల్లలందరూ చేతులెత్తి, "ఎరుగుదునని చెప్తాం టీచర్!" అని అరిచేవారు. మరీ అంత గట్టిగా అరవకండర్రా అని నవ్వేది. సువార్తమ్మ తినని క్యారేజీకి మూత పెట్టేసింది.

కళ్లమంట జవాబు చక్రధరం గారికి రుచించలేదు. కళ్లమంట అతిక్రమణ కాదు, గడి నిండదు. అందుకని ఒక సంఘం వేశారు. పేరు 'మాధ్యాహ్నిక నేత్ర నిమీలన పరిశీలనా సంఘం'. అధ్యక్షులు విశ్రాంత ఉపకార్యదర్శి వల్లీశ్వరరావు గారు. ఆయన పదవీ విరమణ చేసినప్పటి నుంచీ సంఘాల మీదే బతుకుతున్నారు, ఒక సంఘం టీ ఇంకో సంఘం బిస్కట్టు. కళ్లు మూసుకోవడం గురించి తేల్చమంటే ఆయన మహా ఆనందించారు.

"సమస్య ఇది" అన్నారు మొదటి సమావేశంలో. "ఈ కార్యాలయంలో అందరూ కళ్లు మూస్తున్నారు. అది నిద్ర అయితే తటస్థం. నిద్రకు మతం లేదు. ప్రార్థన అయితే అతిక్రమణ. బయటి నుంచి చూసే అధికారికి రెండూ ఒకలాగే కనపడును. కావున విభజన రేఖ గీయవలసి ఉన్నది."

వారం పాటు గీశారు. భోజనాలయ్యాక సంఘ సభ్యులు చప్పుడు చేయకుండా సీట్ల మధ్య తిరుగుతూ సిబ్బంది మొహాల్లోకి వంగి చూశారు. వెనక్కి వాలిన తల నిద్ర, ముందుకు వంగిన తల అనుమానాస్పదం. చేతులు వేలాడితే నిద్ర, కలిసి ఉంటే అనుమానాస్పదం. తెరిచిన నోరు నిద్ర, మూసిన నోరు విశ్వాసం. గురక వినపడితే ఇక విచారణే అక్కర్లేదు, అది సంపూర్ణ తటస్థత.

ఈ సూత్రాలు కాగితం మీదికెక్కాక మొదట పట్టుబడింది ఎవరయ్యా అంటే నరసింగమూర్తి గారు. పాపం ఆయన తల వంచి, బొజ్జ మీద చేతులు జోడించి, నోరు మూసుకుని పడుకుంటారు. ముప్పై ఏళ్లుగా అదే భంగిమ.

"మీరు రహస్యంగా ప్రార్థన చేస్తున్నట్టు సంఘానికి కనపడుతోంది" అన్నారు వల్లీశ్వరరావు గారు.

"ప్రార్థనేంటండి బాబూ! నా నామం చూడండి!"

"నామం ముందు భాగంలో ఉంది. లోపల ఏమున్నదో మాకెలా తెలియును? మీరు రోజూ ఆమె ఎదుటే భోజనం చేస్తున్నారు. సాంగత్య దోషం."

"నిద్దరండీ! ఒట్టు, మా పిల్లల మీద ఒట్టు, నిద్దరేనండి! ముప్పై ఏళ్ల నుంచీ ఈ ఆఫీసులో నిద్దర తప్ప ఇంకోటి ఎరగనండి. ఎవర్నైనా అడగండి!"

ఆయన నిజాయితీని సంఘం మెచ్చుకుని, ఈసారికి వదిలేసింది. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "కార్యాలయ వేళలలో నేత్రములు మూసుకొనదలచిన సిబ్బంది విధిగా నోరు తెరిచి నిద్రించవలెను. వీలైనంత వరకు గురక పెట్టవలెను." ఆ రోజు నుంచీ మధ్యాహ్నమయ్యేసరికి ఆఫీసు రంపపు మిల్లులా మోగేది. నిద్ర రాని కుర్రాళ్లు కూడా భయానికి కళ్లు మూసి గురక పెట్టేవారు. వరండాలో రైతులు, "ఇయ్యాళ మరీ గట్టిగా పన్జేత్తన్నారండోయ్" అనుకుంటూ ఇళ్లకు పోయేవారు.

సువార్తమ్మకు మరో ఉత్తర్వు వచ్చింది. కళ్లు తెరిచి భోంచేయాలి. దాంతోపాటు వల్లీశ్వరరావు గారికి ఇంకో అనుమానం పుట్టింది. ఆవిడ పేరుకు అర్థమేమిటని ఎవరినో వాకబు చేసి, సువార్త అంటే ప్రభువు చెప్పిన శుభవార్త అని తెలిసి అదిరిపడ్డారు. ఆ లెక్కన అటెండరు 'సువార్తమ్మగారూ' అని కేకేసినప్పుడల్లా ఆఫీసులో మత ప్రచారం జరుగుతున్నట్టే. కావున ఇకపై ఆవిడను 'బీరువా పక్క సీటు' అని పిలవాలని నిర్ణయించారు.

సంఘం ముందు ఆవిడ వంతు వచ్చింది.

"బీరువా పక్క సీటు గారూ" అన్నారు వల్లీశ్వరరావు గారు మర్యాదగా. "సూటిగా అడుగుతున్నాం. భోజనానికి ముందు మీరు ఎవరితోనైనా మాట్లాడుతున్నారా?"

పక్కన నరసింగమూర్తి గారు చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నారు. కాదను తల్లీ, కాదనేస్తే పోలా అని కళ్లతో బతిమాలుతున్నారు. సువార్తమ్మ అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది.

"లేదండి" అంది. "ఎవరితోనూ కాదండి. ఏదో అలవాటు, అంతేనండి."

ఎవరితోనూ కాదు అన్న మాట తన చెవులకే ఎవరిదో గొంతులా వినపడింది. ఇల్లు చేరి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే దాని ముందు నిలబడి ఏడ్చింది. తల్లి పోయిననాడు కూడా అంత ఏడుపు రాలేదు. ఎరగనన్నవి రెండయ్యాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇమ్మానుయేలు పాస్టరు గారు ఆవిణ్ణి ఆపారు. మంచి కంఠం ఉన్న మనిషి. మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతారు.

"వందనాలమ్మా! అంతా తెలిసింది. దేవుడు నిన్ను గొప్ప సాక్షిగా వాడుకుంటున్నాడు. వచ్చే వారం మూడు రోజుల కూడికలు పెడుతున్నాం. ఫ్లెక్సీ కూడా చెప్పేశాం. 'సింహాల బోనులో సువార్తమ్మ' అని, బైబిల్లో ప్రార్థన మాననందుకు సింహాలకు వేసిన భక్తుడి లాగ. వెనకాల సింహాలు కూడా వస్తాయి. నీ ఫొటో ఒకటి కావాలి, కొంచెం ధైర్యంగా పైకి చూస్తున్నది."

"అయ్యగారూ, నేను సింహాల బోనులో లేనండి. రెండుసార్లు అబద్ధమాడాను. నేను పేతురునండి."

"పేతురైతే మరీ మంచిదమ్మా! ఆ పేతురు మీదే కదా ప్రభువు సంఘం నిలబడింది! ఫ్లెక్సీ మీద కోడిపుంజును కూడా వేయిద్దాం. ఫొటో మాత్రం మర్చిపోకు."

సువార్తమ్మ తిన్నగా ఇంటికొచ్చేసింది. అక్కడ వాళ్లకు అతిక్రమణ కావాలి, ఇక్కడ వీళ్లకు సాక్ష్యం కావాలి. తనకు కావలసింది వేడన్నం ముందు ఒక్క క్షణం. దాన్ని తనకు ఎవ్వరూ వదిలేలా లేరని ఆవిడకు మొదటిసారి కోపం వచ్చింది.

నరసింగమూర్తి గారి రిటైర్మెంటు దగ్గరపడింది. ఆయన తిరిగి తిరిగి, కాళ్లావేళ్లా పడి, చక్రధరం గారి దగ్గర ఒక రాజీ సంపాదించుకొచ్చారు. సువార్తమ్మ ఆ రోజు నిద్రపోయిందని ఒప్పుకుంటే చాలు. కేసు కొట్టేస్తారు, ఆ మధ్యాహ్నమే ప్రమోషన్ ఉత్తర్వు ఇస్తారు. నివేదికలో గడి మాత్రం 'అతిక్రమణ గుర్తించి, సంస్కరించబడినది' అని నిండుతుంది. పెళ్లీ అవుతుంది, పిచ్చీ కుదురుతుంది.

"ఒక్క మాటండి సువార్తమ్మగారూ" అన్నారాయన నడవలో, అటూ ఇటూ చూసి, పేరు పెట్టే పిలిచి. "నిద్దరపోయానంటే ఈ ఆఫీసులో ఎవరండీ తప్పు పట్టేది? గౌరవం పెరుగుద్ది కూడాను. ఆ కుర్చీలో మీరు కూర్చోవాలండి. నేను కూర్చుని ఏం చేశానో నాకు తెలుసు. మీరైతే మేలుకునుంటారు."

ఆ చివరి మాటతో సువార్తమ్మ ఇక ఎదురు చెప్పలేకపోయింది. అమ్మ అన్న మాట అదే కదా అనుకుంది. మెలకువగా ఉండే మనిషి ఆ కుర్చీలో కూర్చోవాలంటే, ముందు నిద్రపోయానని చెప్పాలి. సరేనంది.

చక్రధరం గారి గదిలో సంఘం కొలువుతీరింది. కిటికీ తెరిచి ఉంది. ఎండ నడినెత్తిన ఉంది. గూట్లో ప్రగతి రోజూలాగే ఒంటికాలి మీద జోగుతోంది.

"చిన్న ప్రశ్న" అన్నారు వల్లీశ్వరరావు గారు తండ్రిలా. "ఆనాడు మీరు దేవుడినీ దేవతనూ ఎవరినీ తలచుకోలేదు. కేవలం నిద్రించారు. నిజమేనా అమ్మా? ఊఁ అనండి చాలు."

అందరూ ఊఁ అన్నట్టు తలలూపి చూపించారు. నరసింగమూర్తి గారు ఊపిరి బిగబట్టారు. సువార్తమ్మ నోరు తెరిచింది.

కొక్కొరొకో!

గది దద్దరిల్లింది. వల్లీశ్వరరావు గారి చేతిలో టీ ఒలికింది. కిటికీ అవతల ప్రగతి మెడ రిక్కించి, రెక్కలు టపటపా కొట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కూసింది చాలక, ఇన్నేళ్ల బకాయీ ఒక్కసారే తీర్చేస్తున్నట్టు మళ్లీ కూసింది. ఎండ వేళప్పుడు దానికా బుద్ధి ఎందుకు పుట్టిందో ఏ శాస్త్రమూ చెప్పలేదు.

సువార్తమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. తర్వాత ఆవిడ లోపల ఎక్కడి నుంచో నవ్వు బయలుదేరింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది. పేతురుకు మూడోది అయ్యాక కూసింది. నా విషయంలో దేవుడు ముందే లేపాడు అనుకుంది.

"లేదండి" అంది కళ్లు తుడుచుకుని. "నేను నిద్రపోలేదండి. ఈ ఆఫీసులో చేరిన దగ్గర్నుంచీ ఒక్కనాడూ నిద్రపోలేదు. ప్రార్థన చేశానండి. నాకు అన్నం పెట్టిన దేవుడికి థాంక్సు చెప్పుకున్నాను. మొన్న కళ్లమంటన్నదీ అబద్ధమే, అలవాటన్నదీ అబద్ధమే. రేపూ చేస్తానండి. అరవను, ఎవర్నీ రమ్మనను, ఎవరి పనికీ అడ్డం రాను. కళ్లు మాత్రం మూసుకుంటాను."

"మరి నవ్వెందుకు వచ్చింది?" అన్నారు చక్రధరం గారు అయోమయంగా.

ఆవిడ పేతురు కథ చెప్పింది. చలిమంట, ముమ్మారు, కోడికూత, అన్నీ. ఆదివారం బడి పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. కథ అయ్యింది. అందరూ మెల్లగా తలలు తిప్పి కిటికీ వంక చూశారు. ప్రగతి జుట్టు నిక్కబొడుచుకుని వాళ్లనే చూస్తోంది.

వల్లీశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "అనగా ఈ పక్షి, విచారణ జరుగుతుండగా, మతపరమైన ఘట్టమును సూచించునట్లుగా, అదీ సరిగ్గా అదే సందర్భములో, బాహాటముగా కూసినది."

"ఆవరణ లోపలే కూసినదండి" అన్నారు చక్రధరం గారు నీరసంగా.

"ప్రభుత్వ దాణా తిని."

సంఘం చాలాసేపు తర్జనభర్జన పడింది. కూతను ఘనకార్యంగా ప్రధాన కార్యాలయానికి నివేదించాలి, ఇన్నేళ్ల కృషి ఫలించింది. అదే కూతను అతిక్రమణగా కూడా నివేదించాలి, గడి ఖాళీగా ఉంది. చివరకు రెండూ పంపారు. ఆ సాయంత్రమే గూటికి ఒక మెమో అంటించారు. మత తటస్థతకు భంగం కలిగించినందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇచ్చుకోవలెను. ప్రగతిని కిటికీ పక్క నుంచి తప్పించి, గూడుతో సహా దాణా గోదాములో పెట్టారు. జవాబు ఇచ్చేదాకా కూయరాదు.

రెండు కేసులూ ఒకే సంఘటన నుంచి పుట్టినవి గనుక ఉమ్మడి విచారణ జరపాలని తీర్మానించారు. కోడి సంజాయిషీ అందేదాకా సువార్తమ్మ ప్రమోషన్ ఆగింది.

అయితే నరసింగమూర్తి గారు అప్పటికే పెన్షను కాగితాల పని మీద తిరుగుతున్నారు, కుర్చీ ఖాళీగా ఉండకూడదు కదా. ఎవరినైనా ఇన్‌చార్జిగా పెట్టాలి. చక్రధరం గారు మధ్యాహ్నం హాల్లోకి వచ్చి చూశారు. వరసగా నోళ్లు తెరుచుకుని, ఉత్తర్వు ప్రకారం, అందరూ తటస్థంగా ఉన్నారు. మేలుకున్న మనిషి ఒక్కరే కనపడ్డారు. ఆవిడ తన మీద రాయాల్సిన అభియోగ పత్రాన్ని తానే టైపు చేసుకుంటోంది, వేరే ఎవరికీ తెలివి లేకపోవడం చేత. ఇన్‌చార్జి బాధ్యత ఆవిడకే ఇచ్చారు. జీతం పెరగదు, హోదా రాదు, కుర్చీలో కూర్చోవచ్చు. మర్నాడు వరండాలో బుట్టతో నిలబడ్డ ఒక ముసలామెను సువార్తమ్మ లోపలికి పిలిచి, మధ్యాహ్నం ఎండలోనే కోడిపిల్లలు ఇప్పించి పంపింది. ఆ ముసలామె గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది, ఆఫీసు ఇదేనా కాదా అని.

నెలాఖరున నరసింగమూర్తి గారి వీడ్కోలు విందు. హాల్లో బల్లలు కలిపి, ఆకులు వేసి, పులిహోరా బూరెలూ వడ్డించారు. చక్రధరం గారు మధ్యన, వల్లీశ్వరరావు గారు పక్కన. తటస్థతలో జిల్లాకు రెండో బహుమతి వచ్చిందని డిప్యూటీ డైరెక్టరు గారు ప్రకటించి ప్రసంగం ముగించారు. ఇక మొదలుపెట్టండి అన్నారు. అందరి చేతులూ ఆకుల మీదికి వెళ్లాయి.

సువార్తమ్మ చెంగు తల మీదికి లాక్కుంది. కళ్లు మూసుకుంది. హాలంతా ఆగిపోయింది. ఈసారి ఆవిడ పెదాలు కదిలించి ఊరుకోలేదు. తల్లి ఇంట్లో అన్నంత నిదానంగా, బల్ల చివరిదాకా వినపడేంత గట్టిగా అంది.

"తండ్రీ, ఈ అన్నానికి స్తోత్రం. వండిన చేతుల్ని దీవించు. మేలుకున్నవాళ్లనీ, నిద్రపోయేవాళ్లనీ చల్లగా చూడు. గోదాములో ఉన్నదానికి వెలుతురు చూపించు. రేపట్నుంచీ ఇంట్లో ఉండే మూర్తిగారి మోకాళ్లు..." అంటుండగా ఆవిడ మాట ఆగిపోయింది.

"ఆమెన్" అంది ఒక మగ గొంతు.

అందరూ తల తిప్పి చూశారు. చక్రధరం గారు సగం లేచారు. ఎదుటి ఆకు ముందు నరసింగమూర్తి గారు తల వంచి, చేతులు జోడించి, కళ్లూ నోరూ గట్టిగా మూసుకుని కూర్చున్నారు. నామం కింద కళ్ల చివరలు తడిగా ఉన్నాయి.

పెన్షను కాగితాల మీద చక్రధరం గారి సంతకం ఇంకా కాలేదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఆయన తల వెనక్కి వాల్చి, చేతులు వేలాడేసి, నోరు బార్లా తెరిచి, ఉత్తర్వు ప్రకారం గట్టిగా గురక పెట్టారు.